రెండో తెడ్డు

ఎవరైనా ప్రశ్న వేస్తే బొమ్మిడి వీరభద్రం మాస్టారు వెంటనే బదులు చెప్పేవారు కాదు. ముందు అడిగినవాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. తాడు పేనమనేవారు, పడవకి చమురు పట్టించమనేవారు, తాలింఖానా గోతిలో ఎర్రమట్టి గుల్లచెయ్యమనేవారు. చేతులు ఊరికే ఉన్న మనిషి చెవులతో వినడు, నోటితో వింటాడు అని ఆయన నమ్మకం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన తరవాత కూడా, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఆ పాత తాలింఖానాని ఆయనే నడిపేవారు. పొద్దున్నే వచ్చేవాళ్ళ చేత దండీలు, బస్కీలు తీయించేవారు, రాళ్ళు ఎత్తించేవారు. ఏటా షష్ఠి తీర్థంలో జరిగే పడవ పందేలకి ఊరి జట్టును తయారు చేసేవారు.

ఆ ఏడు జట్టు ఎంపికైన మర్నాడు మధ్యాహ్నం ఏడుకొండలు ఆయన దగ్గరికి వచ్చాడు. ఏడుకొండలుకి నలభై దాటాయి. ఐసు ఫ్యాక్టరీలో పని. మీసం మొలిచిన నాటినుంచీ ఆ జట్టులో తెడ్డు వేస్తున్నాడు. చాలాకాలంగా మొదటి బల్ల అతనిదే. మొదటి బల్ల మీదివాడు ఎలా లాగితే వెనక బల్లలవాళ్ళందరూ అలా లాగాలి. అందుకని ఆ బల్లకి ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఈసారి మాస్టారు ఆ బల్ల మీద వేరొకణ్ణి కూర్చోబెట్టారు. ఏడుకొండలుకి వెనక బల్లల్లో కూడా చోటు రాలేదు.

మాస్టారు పాకలో బోర్లించిన పడవ పక్కన కూర్చుని, పలకల సందుల్లో కొబ్బరి పీచు దూరుస్తున్నారు. ఏడుకొండలు నిలబడే మాట్లాడాడు.

"నేను కోపంతో రాలేదు మాస్టారండీ. ఆ కుర్రాడు నాకంటే బాగా లాగుతున్నాడు, నా కళ్ళతో నేనే చూశాను. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. పందెంలో చోటు లేనివాడికి ఈ రాళ్ళెత్తడం ఎందుకండీ? ఎంత పెంచుకున్నా తరిగిపోయే బలమే కదా. ఎప్పటిదాకా చెయ్యాలి? ఎప్పుడు ఆపెయ్యాలో మీరే చెప్పండి, రేపట్నించి రాను."

మాస్టారు అతనివైపు పీచు కట్ట ఒకటి జరిపారు. ఏడుకొండలు కాసేపు దానివైపు చూసి, అలవాటు కొద్దీ కూర్చుని, రెండో పక్కనుంచి సందుల్లో పీచు దూర్చడం మొదలుపెట్టాడు. అతని చేతులు పనిలో పడేదాకా ఆగి, మాస్టారు వంతెన పడకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ రోజుల్లో ఏటికి అవతల ఏం కావాలన్నా తెడ్డు పట్టవలసిందే. పెళ్ళివారు పడవ మీదే తరలేవారు, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్ల పడవ మీదే వెళ్ళేది. గడ్డిమోపులు, కొబ్బరికాయలు, బడిపంతుళ్ళు, అందరికీ అదే దారి. తెల్లవారేసరికి రేవులో తెడ్ల చప్పుడు మొదలయ్యేది. నీళ్ళలో తెడ్డు పడే తీరును బట్టి వెళ్ళేది ఎవరి పడవో ఇంట్లో మంచం దిగకుండానే చెప్పేవారు. తాలింఖానాలో అప్పుడు మనుషులు పట్టేవారు కాదు. ఎర్రమట్టిలో కలిపిన నూనె వాసన, ఆంజనేయుడి పటం ముందు వెలిగించిన కర్పూరం వాసన, నానబెట్టిన సెనగల వాసన కలిసి వీధి మలుపు దాకా వచ్చేవి. ఇది చెబుతూ మాస్టారు కాస్త ఆగి ఏటివైపు చూశారు. ఏట్లో ఒక్క పడవ కూడా లేదు. దూరంగా వంతెన మీద బస్సు ఒకటి పోతోంది.

ఆ తాలింఖానాకి, ఆ జట్టుకి అప్పట్లో సంగాని త్రిమూర్తులు పెద్ద. సంగిడి రాయి అని మధ్యలో పట్టుకునేందుకు తొలిచిన బరువైన గుండు ఒకటి ఉండేది. దాన్ని ఒంటిచేత్తో తల మీదికి ఎత్తి, ఎదర నిలబడ్డవాళ్ళని పేరుపేరునా పలకరించి, అప్పుడు దించేవాడు. పందెం పడవలో మొదటి బల్ల అతనిది. వీరభద్రానికి డ్రిల్లు మాస్టారు ఉద్యోగం అప్పుడే కొత్తగా వచ్చింది. జట్టులో అతని చోటు త్రిమూర్తులు వెనక బల్ల మీద. పందెం సాగినంతసేపూ అతనికి కనిపించేది ఏరు కాదు, ఆ వీపే. ఆ వీపు ముందుకు వంగితే తనూ వంగేవాడు, వెనక్కి లేస్తే తనూ లేచేవాడు. తెడ్డు వెయ్యడం నాకు ఆ వీపు నేర్పింది అనేవారు మాస్టారు.

త్రిమూర్తులు భార్య మాణిక్యం. ఏటి నడుమ ఎదరున్న లంకలో వాళ్ళకి బీర పాదులు, పొట్ల పాదులు ఉండేవి. పెళ్ళయిన నాటినుంచీ ఆమె రోజూ చిన్న పడవ వేసుకుని ఒక్కతే వెళ్ళి, కాయ కోసి, గంపలతో తిరిగి వచ్చేది. రెండు చేతులా రెండు తెడ్లు ఆమే లాగేది. దాన్ని ఎవరూ బలం అనలేదు. పని అన్నారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి భార్యాభర్తలిద్దరూ ఆ పడవలో ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని, చెరొక తెడ్డూ పట్టుకున్నారట. త్రిమూర్తులు తన తెడ్డు లాగిన లాగుడుకి పడవ ముందుకు పోకుండా ఉన్నచోటనే తిరిగింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ తిరిగింది. మాణిక్యం నవ్వి నవ్వి తెడ్డు వదిలేసింది. "నీతో వస్తే లంక చేరం మావా, ఇక్కడే సుడి తిరుగుతాం," అంది. అతనూ నవ్వాడు. తరవాత ఆ పడవ ఆమెకే వదిలేశాడు.

యాభై నిండకుండానే త్రిమూర్తులుకి పక్షవాతం వచ్చింది. ఒక పొద్దున్న తలపాగా చుట్టుకోబోతే ఎడమ చెయ్యి లేవలేదు. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుండి కర్ర సాయంతో ఇంటికి వచ్చాడు. వాడితే ఎంతో కొంత వస్తుంది, వాడకపోతే ఉన్నది కూడా పోతుంది అని డాక్టరు చెప్పి పంపాడు. అతను వాడలేదు. వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ప్రేమ కొద్దీ పాత పందేలు తలుచుకునేవారు. ఫలానా ఏడు అవతలి జట్టు పడవని ఎలా దాటాం, ఫలానా ఏడు గాలికి ఎదురు ఎలా లాగాం అని. వాళ్ళు ఎంత తలుచుకుంటే అతను అంత ముడుచుకునేవాడు.

వీరభద్రం ఒకరోజు ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి తెచ్చి అతని ఎడమ చేతి దగ్గర పెట్టాడు. "రోజూ దీన్ని కాస్త కాస్త ఎత్తండి," అన్నాడు.

త్రిమూర్తులు గొంతు పెంచలేదు. "సంగిడి రాయి ఎత్తినవాణ్ణి వీరభద్రం. చెంబెత్తుతుంటే చూద్దామని వచ్చావా?" అన్నాడు.

మాణిక్యం చెంబులో నీళ్ళు తులసి కోటలో పోసి, చెంబు లోపల పెట్టింది.

ఆషాఢంలో ఎర్రనీరు వచ్చింది. వరద కాదు గాని ఏరు ఉరవడి అందుకుంది. లంకలో పల్లపు పాదుల్లోకి నీరు ఎక్కుతోందని కబురు వచ్చింది. ఉన్న కాయ ఆ రోజు కోసుకోకపోతే ఇక దక్కదు. ఒంటిగా దాటే నీరు కాదని మాణిక్యానికి తెలుసు. రెండో తెడ్డుకి మనిషిని అడుగుదామంటే ఎవరి లంకకి వాళ్ళు పరుగెత్తారు. రేవు ఖాళీ అయిపోయింది. ఆమె ఇంటికి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"మావా, వచ్చి పడవలో కూర్చో."

"నేనెందుకే?"

"ఖాళీ పడవ ఈ నీటికి నిలవదు. ఇసక బస్తా వేసుకుందామంటే మోసేవాళ్ళు లేరు. నువ్వయితే నడిచొస్తావు."

కోప్పడాలో నవ్వాలో తెలియలేదు అతనికి. చాలా రోజుల తరవాత ఒకరు అతన్ని ఒక పనికి పిలిచారు, అది బస్తా పనే అయినా. రేవులో చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కర్ర తీసుకుని లేచాడు. పడవ ఎక్కేటప్పుడు ఆమె తన భుజం అతని చంక కింద పెట్టి ఎక్కించింది. బల్ల మీద కుడి చేతివైపు అతన్ని కూర్చోబెట్టి, ఎడమవైపు తను కూర్చుంది. పడిపోయిన చెయ్యి ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

ఆ తరవాత ఏం జరిగిందో త్రిమూర్తులే కొన్నేళ్ళకి వీరభద్రానికి చెప్పాడు. కొంతదూరం ఆమే రెండు తెడ్లూ లాగింది. అతని ఒళ్ళోంచి చెయ్యి చాపి కుడివైపు తెడ్డు కూడా పట్టుకుని లాగుతోంది. ఏటి మధ్యకి వచ్చేసరికి పడవని నీరు పక్కకి ఈడ్చుకుపోసాగింది. ఎప్పుడు పట్టుకున్నాడో అతనికి తెలియదు గాని, కుడివైపు తెడ్డు అతని చేతిలో ఉంది. లాగాడు. ఒంటి చెయ్యి, ఒంటి కాలి ఊతం. ఎంత లాగినా పూర్వపు లాగుడులో సగం లేదు. పడవ మూతి అతనివైపు తిరిగిపోయింది. పళ్ళు బిగించి ఇంకా గట్టిగా లాగాడు. అయినా తిరిగింది. తరవాత మెల్లగా తిన్నబడింది. తనకి పట్టు చిక్కిందనుకున్నాడు. ఆ సంతోషంలో నాలుగు తెడ్లు వేసి పక్కకి చూశాడు. మాణిక్యం తెడ్డు నీళ్ళలో సగం కూడా మునగడం లేదు.

"తగ్గించి లాగుతున్నావెందుకు?" అని అడిగాడు.

"తగ్గించకపోతే నీవైపు తిరిగిపోతుంది."

"జాలా?"

"జాలేంటి మావా. లంక చేరొద్దా?"

అప్పుడు అతను ఆమె మెడ చూశాడు. నరాలు తాళ్ళలా బిగిసి ఉన్నాయి. నీరు ఈడుస్తుంటే, ఒంట్లో ఉన్న బలం బయటికి రాకుండా పట్టి ఉంచి, తెడ్డు తెడ్డుకీ అతని లాగుడెంతో చూసుకుని, అంతే లాగుతోంది. గట్టిగా లాగడం కంటే అది కష్టమని తెడ్డు పట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. "సిగ్గేసింది వీరభద్రం," అన్నాడట త్రిమూర్తులు. "చెయ్యి పడిపోయినందుకు కాదు. అన్నేళ్ళు మొదటి బల్ల మీద కూర్చున్నాను. మీరందరూ నన్ను చూసి లాగారు. పక్కన ఎవరున్నారో చూసి నేను ఎప్పుడైనా లాగానా?"

రోజూ దిగే చోటుకి చాలా దిగువన పడవ ఒడ్డు తాకింది. మాణిక్యం దాన్ని రెల్లు దుబ్బుకి కట్టి, గంప నెత్తిన పెట్టుకుని బురదలో ఎగువకి నడిచింది. అతను సన్న జల్లులో తడుస్తూ పడవలోనే కూర్చున్నాడు. ఆమె తిరిగి తిరిగి తెచ్చిన గంపల్ని కుడి చేత్తో అందుకుని సర్దాడు. పాదులు సగం అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. చిక్కినంత కాయతో ఇద్దరూ వెనక్కి లాగి రేవు చేరారు.

మర్నాడు పొద్దున్న పొయ్యి ముందు కూర్చున్న మాణిక్యం గిన్నె దించడానికి చెయ్యి ఎత్తలేకపోయింది. ఇంకో చేత్తో భుజం పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. వసారాలోంచి త్రిమూర్తులు చూశాడు. తనలో లేని బలం ఎవరి భుజంలోంచి ఖర్చయిందో అతనికి అప్పుడు తెలిసింది. కాసేపయ్యాక, "ఆ చెంబు ఇలా తే," అన్నాడు.

మొదట్లో చెంబు అంగుళం లేచి పక్క మీదే ఒలికేది. ఆమె పక్క ఎండబెట్టి మళ్ళీ వేసేది. కొన్నాళ్ళకి ఒలకడం తగ్గింది. పీట మీద కూర్చుని, కర్ర ముట్టుకోకుండా లేవడం మొదలుపెట్టాడు. అవే అతని బస్కీలు. ఒకరోజు అతనే కబురు పెట్టి వీరభద్రాన్ని పిలిపించుకుని, "తాలింఖానాకి తీసుకెళ్ళు," అన్నాడు. అక్కడ వయసు పిల్లలు గుండ్లు ఎత్తుతూ ఉంటే, ఒక మూల పీట వేసుకుని చెంబు ఎత్తేవాడు. మొదట అందరూ చూసి చూడనట్టు తలలు తిప్పుకున్నారు. పోనుపోను అది కూడా మానేసి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. అతనికి అదే హాయిగా ఉండేది. సంగిడి రాయి ఎదర గోడ పక్కనే ఉండేది. దానివైపు చూసేవాడు కాదంటే అబద్ధం. చూసేవాడు. చూసి, చెంబు ఎత్తేవాడు. చెంబు పోయి బిందె వచ్చింది. చేతికి పూర్తిగా పట్టు రాలేదు గాని, తెడ్డు పిడి మీద వేసి నొక్కి ఉంచేంత సత్తువ వచ్చింది.

రోజూ ఇద్దరూ లంకకి వెళ్ళేవారు. అతను ఎంత పెరిగితే ఆమె తన తెడ్డుని అంత లోతుకి వదిలేది. ఒక్కోనాడు అతనికి బాగుండేది కాదు. ఆనాడు మళ్ళీ పైపైన లాగేది. ఈ లెక్కలు వాళ్ళు నోటితో చెప్పుకునేవారు కాదు. మాటల్లో మాత్రం కాయ పుచ్చిందనీ, పందిరి వాలిందనీ పోట్లాడుకునేవారు.

మరుసటి ఏడు షష్ఠికి తీర్థం పెద్దలు వచ్చి, పందేలకి శంఖం నువ్వే ఊదాలి, అరుగు మీద కుర్చీ వేయిస్తాం అన్నారు. "ఆయ్, దణ్ణవండి. పొట్లకాయ ముదిరిపోతోంది, కొయ్యాలి," అన్నాడు త్రిమూర్తులు. పందెంలో మొదటి బల్ల మీద ఆ ఏడు వీరభద్రం కూర్చున్నాడు. వాళ్ళ జట్టే నెగ్గింది. పడవ గీత దాటింది, ఒడ్డున జనం కేకలు వేస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. జట్టువాళ్ళకి మాత్రం ఊపిరి చాలక అందరూ తెడ్ల మీద వాలిపోయి ఉన్నారు. పడవ ముందుకు పోతున్నా తెడ్డు వేసేవాడి ముఖం ఎప్పుడూ వెనకవైపే ఉంటుంది. అందుకని ఒడ్డున ఎవరూ చూడనిది వాళ్ళు చూశారు. పందెం పడవలు కలియబెట్టి వదిలిన నీళ్ళ మీదుగా, లంకవైపునుంచి చిన్న పడవ ఒకటి వస్తోంది. గంపల్లో పొట్లకాయలు బారుగా బయటికి కనిపిస్తున్నాయి. రెండు తెడ్లు ఒక్కసారి లేచి, ఒక్కసారి మునుగుతున్నాయి. తొందర లేదు. అలలు ఎగదోస్తున్నా, తాడు పట్టి గీసినట్టు తిన్నగా వచ్చి, పక్కనుంచి దాటి, రేవువైపు పోయింది. త్రిమూర్తులు వీళ్ళని చూసి తల ఊపాడు. మాణిక్యం చూడలేదు, ఆమె చూపు అతని తెడ్డు మీద ఉంది.

"మా తెడ్లు ఏనాడూ అలా పడలేదు," అన్నారు మాస్టారు. "ఆనాడు నెగ్గిన కప్పు ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు. ఆ పడవ పోయిన దారి మాత్రం ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలను."

త్రిమూర్తులు ఆ తరవాత చాలా ఏళ్ళు బతికాడు. మళ్ళీ పందెం పడవ ఎక్కలేదు. మరీ వరద రోజులు తప్పిస్తే లంక ప్రయాణం మానలేదు. ముసలితనంలో ఒక చలికాలం జ్వరం తగిలి, మంచాన ఎక్కువ రోజులు ఉండకుండానే పోయాడు. అప్పటికి వంతెన పడింది. రేవు పాడుపడింది. బోర్లించిన పడవలు బోర్లించినట్టే చివికిపోయాయి. లంకకి బస్సు వేశారు. మాణిక్యం మాత్రం మళ్ళీ బల్ల మధ్యకి జరిగి, రెండు తెడ్లూ తీసుకుంది. రోజూ పొద్దున్నే తాలింఖానా తలుపులు తీసే వేళకి ఆమె పడవ ఇటునుంచి వెళ్ళేది. నెత్తి నెరిసింది, నడుం వంగింది, గంపలు చిన్నవయ్యాయి. నీళ్ళలో తెడ్డు పడే చప్పుడు మారలేదు.

మాస్టారు చెప్పడం ఆపారు. ఏడుకొండలు పక్క పీచు అయిపోయింది. అతను ఖాళీ చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆయన ఎడం చెయ్యి తరవాతైనా పూర్తిగా వచ్చిందాండీ?" అని అడిగాడు.

"రాలేదు."

ఏడుకొండలు ఒళ్ళో రాలిన పీచు దులుపుకున్నాడు. ఎండ పాకలోకి వాలింది. చివరికి అన్నాడు, "మరి మాణిక్యమ్మగారు? ఆవిడ ఎప్పుడు మానేశారండీ?"

మాస్టారు పడవ పలక మీద అరచెయ్యి వేసి, సందు బిగిసిందో లేదో తడిమి చూసుకున్నారు.

"ఆవిణ్ణి ఏ పందెంలోనూ ఎవరూ కూర్చోబెట్టలేదు ఏడుకొండలూ," అన్నారు. "అందుకని, ఇక చాలు దిగమ్మా అని చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేకపోయారు."